దిగని వేషం

మా వీధి మొదట్లో కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ ఈ కార్తీకం వానలకు బాగా పాడైపోయింది. మొదటి వర్ధంతికని ఆయన మనుషులు కట్టించారు. తెల్ల చొక్కా, భుజాన కండువా, జోడించిన రెండు చేతులు, నిలువెత్తు బొమ్మ. కింద పేరు, పేరుకు ముందు బిరుదులు, పేరు తరవాత పదవులు. గాలికి చిరిగిపోకుండా ఉండాలని కట్టేవాళ్లు అక్కడక్కడ కత్తితో గాట్లు పెడతారు కదా, అందులో ఒకటి సరిగ్గా ఛాతీ మీద పడింది. గాలి వీచినప్పుడల్లా ఆ ఛాతీ ఉబ్బుతుంది, గాటు తెరుచుకుంటుంది, బుస్సుమని గాలి వదిలి మళ్లీ వెనక్కి పోతుంది. పొద్దున పాల ప్యాకెట్టు కోసం వెళ్లేటప్పుడు ఆ చప్పుడుకు నేను రోజూ ఒక క్షణం ఆగుతాను. కష్టపడి తీసే ఊపిరి ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

ఒకప్పుడు ఆ స్తంభం కిందే ఆయన పంక్చర్ల అంగడి ఉండేది.

ఫ్లెక్సీ మీద పేరు జానెడు అక్షరాలతో ఉంది. చదువొచ్చినవాళ్లు ఎవరైనా చదువుకోవచ్చు. నేను మాత్రం ఇక్కడ రాయను. పెద్దమనిషి పరువు గురించి భయపడి కాదు. ఆ పేరు ముందు ఆయన నోటి నుంచి రావాలి. అది మా అవ్వ పెట్టిన నియమం, దాన్ని దాటే ధైర్యం నాకు లేదు.

నేను బడి మొహం చూసినదాన్ని కాదు. పసితనం నుంచీ ఉబ్బసం. దుమ్ము పడదు, చలి పడదు, పరుగు పడదు. అందుకని మా నాయన ఇంట్లోనే పలక పెట్టి అక్షరాలు దిద్దించాడు. మా అవ్వ పంచాంగం, పాత క్యాలెండర్లు, బెల్లం పొట్లం విప్పిన కాగితం, ఏది దొరికితే అది నా చేత పైకి చదివించింది. వాళ్లిద్దరి పుణ్యమే ఈ నాలుగు ముక్కలూ రాయగలగడం. ఇక బయటి లోకం అంటారా, మా గుమ్మంలో కూర్చుంటే ఎంత కనిపిస్తే అంతే. ఆ గుమ్మానికి ఎదురుగా ఆయన అంగడి. అందుకే నేను అక్షరాలు కాకుండా చదివిన మొదటి మనిషి ఆయన.

అంగడంటే నాలుగు కర్రల మీద ఒక రేకు, కింద చెక్కపెట్టె, పంపు, నీళ్లతో నిండిన ఇనప బాణలి. ట్యూబులో గాలి కొట్టి, నీళ్లలో ముంచి బుడగ చూడటం ఆ పని చేసే అందరికీ తెలిసిందే. ఈయన వెంటనే ముంచేవాడు కాదు. ట్యూబును చెంప దగ్గర పెట్టుకుని, తల కొద్దిగా ఎడమకు వాల్చి, కళ్లు మూసుకుని మెల్లగా తిప్పేవాడు.

"సూసేది కాదు పాపా, ఇనాల. గాలి యాడ పోతా ఉండాదో అదే సెప్తాది," అనేవాడు.

అది చెప్పినచోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, అప్పుడు ముంచేవాడు. సరిగ్గా అక్కడే బుడగ లేచేది.

మనుషుల దగ్గరా అంతే. ఎవరైనా కష్టం చెప్పుకుంటుంటే అదే చెంప, అదే వాలు, అవే మూసిన కళ్లు. అంతా విని, లేచి, చేతులు నిక్కరుకు తుడుచుకుని ఒకే మాట అనేవాడు: "నేనుండాను కదా." ఆ మాట తరవాత ఏదో ఒకటి జరిగేది. అవతలివాళ్ల నీళ్ల బిందెలు ఇంటికి చేరేవి. పలమనేరు నుంచి వస్తున్న కొత్త చుట్టం, ఇల్లు తెలియక బస్టాండులో తిరుగుతున్నవాడు, ఆయన సైకిలు వెనక కూర్చుని నవ్వుతూ దిగేవాడు.

మా ఇంట్లో అడుగు పెడితే ముందు చెంబెడు నీళ్లు తాగాలి. చెంబు పైకెత్తి గటగటా పోసుకుని, చివరి గుక్క మిగిల్చి, పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పోసేవాడు.

"ఏందిరా, నువ్వు తాగి మిగిలింది దానికి పోస్తావా?" అని అవ్వ గదమాయించేది.

"ఎత్తి పోసుకుంటిని కదవ్వా, ఎంగిలెట్టయితాది? దానికి మాత్రం దప్పిక ఉండదా?"

"నీ వరస సూస్తే రేపు రోటికీ రోకలికీ కూడా పోస్తావు."

"అడిగితే పోస్తానవ్వా. అవి నోరు తెరిచి అడగవే!"

నాకు పదేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం ఊపిరి అందలేదు. నాయన నిమ్మకాయల మండీ పని మీద గూడూరు పోయి ఉన్నాడు. అవ్వ కేకకు ఆయన టైరు అక్కడే పారేసి వచ్చాడు. నన్ను బోర్లా తిప్పి, నా వీపు మీద చెంప ఆనించి, తల ఎడమకు వాల్చి విన్నాడు. ఆ చెంప చల్లదనం, రబ్బరు వాసన ఇప్పటికీ నా వీపుకు గుర్తు.

"అవ్వా, లోపలికి గాలి పోతా లేదు. సూది మోపినంత సందు ఉండాది, అంతే," అన్నాడు.

తువ్వాలుతో నన్ను వీపుకు కట్టుకుని సైకిలెక్కాడు. దారంతా బెల్లు మోగిస్తూనే ఉన్నాడు. "బెల్లు కొడితే పీల్చు పాపా. ఆపితే వదులు. నేనుండాను కదా. కొడతా ఉండాను, పీల్చు." ఆస్పత్రి వరండాలో దించేదాకా నేను ఆ బెల్లు మీదే బతికాను. ఇన్నేళ్లకూ ఆయాసం వస్తే నేను ఆ లెక్కకే ఊపిరి తీస్తాను. పొద్దునే కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టుకుని, స్వామికి చెప్పుకునే కృతజ్ఞతల్లో ఆ సైకిలుది మొదటి వరస. ఇది ముందే చెప్పడం న్యాయం. తరవాత చెప్పబోయేది విని ఆయన మీద ఎవరికీ కోపం రాకూడదు.

ఏడాదికొకసారి ఆయన మా పెరట్లో వేరే మనిషయ్యేవాడు.

గంగజాతర కథ మా ఊళ్లో పసిపిల్లలకూ తెలుసు. ఆడవాళ్లను చెరబట్టే పాలెగాణ్ణి చంపడానికి అమ్మ పుట్టింది. వాడు భయపడి దాక్కున్నాడు. అమ్మ బైరాగిలా వచ్చింది, వాడు బయటికి రాలేదు. ఊరి చాకిరీ చేసే తోటిలా బొగ్గు పూసుకుని వచ్చి నోటికొచ్చినట్టు తిట్టింది, రాలేదు. చివరికి దొరలా వచ్చింది. దొరగారు వచ్చారనగానే వాడు ఎదురు వచ్చి దణ్ణం పెట్టాడు, తల తెగింది. అందుకే ఆ వారమంతా మొక్కుకున్న మగవాళ్లు రోజుకొక వేషం వేసి వీధులు తిరుగుతారు.

తోటి వేషం రోజు ఆయన నోటికి మా వార్డంతా ఎదురు చూసేది. ఒళ్లంతా బొగ్గు, నడుముకు వేపమండలు. కౌన్సిలరు వాకిట్లో నిలబడి, "ఏమప్పా కవున్సిలరూ, వీధికంతా ఒక కొళాయి, నీ ఇంటికొక్కదానికే ఒక కొళాయి. నీకేమన్నా ఊరందరి నోళ్లూ ఉండాయా?" అని అరిచేవాడు. వీధి పగలబడి నవ్వేది. కౌన్సిలరు కూడా నవ్వి, చెంబుతో పసుపు నీళ్లు తెచ్చి ఆ బొగ్గు కాళ్ల మీద పోసేవాడు. ఆ రోజు తిట్టేది అమ్మ. ఎంతటివాడైనా తలవంచి తిట్టించుకోవాలి.

మరునాడు దొర వేషం. అవ్వ గంధం తీసేది. ఒళ్లంతా గంధం పూశాక, మీద నల్ల చుక్కలు పెట్టే పని నాది. మండీ నుంచి నాయన తెచ్చిన నిమ్మకాయలు దండ గుచ్చి మెడలో వేసేవాళ్లం. చుక్కలు పెట్టేకొద్దీ ఆయన మాట తగ్గేది. ఆఖరి చుక్క నుదుటి మీద. అది పెట్టి వేలు తీసేసరికి ఎదురుగా ఉన్నది నేను అన్నా అని పిలిచే మనిషి కాదు. కళ్లు నన్ను దాటి, నా వెనక నిలబడిన ఎవరినో చూస్తున్నట్టుండేవి. ప్రతి ఏడూ ఆ క్షణం నేను వెనక్కి తిరిగి చూసేదాన్ని. బావి తప్ప ఏమీ ఉండేది కాదు.

అందుకే అవ్వ వేషం దించనిదే వదిలేది కాదు. ఈ పద్ధతి నేను వేరే ఇళ్లలో చూడలేదు, చంద్రగిరి దగ్గరి తన పుట్టింటి నుంచి ఆమె తెచ్చుకుంది. తిరిగి వచ్చినవాణ్ణి బావి దగ్గర పీట మీద కూర్చోబెడుతుంది. ఒకే ఒక్క చెంబు నీళ్లు. నడినెత్తిన కొద్దికొద్దిగా పోస్తూ, "ఎవురు నాయనా?" అని అడుగుతుంది. వాడు తల్లి పేరు, తన పేరు చెప్పాలి. చెప్పాకే స్నానం, ఆ తరవాతే పెరుగన్నం. అంతవరకు ఎవరూ పేరు పెట్టి పిలవకూడదు, పక్కనుంచి అందించకూడదు.

"పిలిస్తే ఏమయితాది అవ్వా?" అని ఒకసారి అడిగాను.

"పిలిస్తే పలికేది వాడేనని ఏం నమ్మకం మే?" అంది అవ్వ.

ఆయన ఎప్పుడూ మొదటి గుక్కెడు నీళ్లకే పలికేవాడు. "మునెమ్మ కొడుకుని అవ్వా," అని, ఆ వెంటనే తన పేరు గట్టిగా చెప్పి, ఒళ్లు విదిలించుకుని, "ఆకలయితా ఉండాది, పెరుగు తియ్యంగా ఉండాదా?" అనేవాడు. మునెమ్మ బస్టాండు దగ్గర వేపపుల్లలు అమ్మి ఆయన్ను పెంచిన తల్లి. ఆయనకు మీసాలు రాకముందే పోయింది. ఏడాదిలో ఆమె పేరు ఎవరైనా పలికేది ఆ ఒక్కరోజే అనిపిస్తుంది నాకు.

నా పెళ్లయి, మా ఆయనా నేనూ ఆ ఇంట్లోనే కాపురం పెట్టిన తరవాతి ఏడు అది జరిగింది. అప్పటికే ఆయన సైకిలు మీద తిరిగి తిరిగి ఊరి చుట్టూ ఉన్న ఖాళీ స్థలాలన్నీ ఎరిగినవాడై, అడిగినవాళ్లకు చూపించడం మొదలుపెట్టాడు. ఆ రోజు దొర వేషం తిరిగి వచ్చి పీట మీద కూర్చున్నాడు. అవ్వ చెంబు ఎత్తింది. వీధిలో తెల్ల కారు ఆగింది. సఫారీ వేసుకున్న మనిషి ఒకడు చెప్పులతో పెరట్లోకి వచ్చేశాడు.

"సారొచ్చినాడప్పా. రేణిగుంట దావలో భూములు ఇప్పుడే సూడాలంట. ఎట్ట ఉంటే అట్ట రా. దొర యాసంలోనే ఉండావు కదా, ఇంకేం, శకునం బాగుండాది!"

ఆయన లేచాడు.

"ఒక్క నిమిసం కూసోరా, దించేస్తా," అంది అవ్వ.

"సారు కార్లో కూసోనుండాడవ్వా. వచ్చేస్తా. నేనుండాను కదా."

నిమ్మకాయల దండ తీసి నా చేతిలో పెట్టి, గంధం మీదే చొక్కా తొడుక్కుని కారెక్కాడు. ఆ మాట అన్నాక ఆయన చేయకుండా ఉండిపోవడం అదే మొదటిసారి. ఆ రోజు తిరిగి రాలేదు. ఎక్కడో లాడ్జిలో స్నానం చేశాడని తరవాత ఎవరో చెప్పారు. దీపం పెట్టే వేళదాకా అవ్వ ఆ చెంబు పట్టుకుని బావి గట్టున కూర్చుంది. తరవాత నీళ్లు కరివేపాకు చెట్టుకు పోసి, "దొర దిగలేదు మే," అంది.

నేను నవ్వాను. ఆ నవ్వుకు ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది.

ఆయన ఎలా పెద్దవాడయ్యాడో రాయడం నాకు చేతకాదు. స్థలాలు చూపించినవాడు స్థలాలు అమ్మాడు, లేఅవుట్లు వేశాడు, ఏదో కమిటీకి చైర్మనయ్యాడు. నాకు గుర్తున్నవి చిన్న సంగతులు. ఎవరింటికి వెళ్లినా చెంబు నీళ్లు ముట్టడం మానేశాడు, వెనకాల ఒకడు సీసా పట్టుకుని నడిచేవాడు. పేరు పెట్టి పిలిచేవాళ్లు తగ్గారు. ముందు "అన్న", తరవాత "సార్", ఆ తరవాత "చైర్మన్ గారు". ఆయన భార్య మా వీధి పిల్లే. ఒకరోజు కూరగాయల దగ్గర కనిపించి, "సార్‌కి కాకరకాయంటే ఇష్టమక్కా," అంది. "ఇంట్లో కూడా సారేనా మే?" అంటే, "అలవాటైపోయిందక్కా," అని నవ్వింది. ఆయన పక్కనుంచి పోతే గంధం వాసన వచ్చేది. ఖరీదైన సెంటు అనుకునేవాళ్లం.

చెంప వాల్చడం మాత్రం పోలేదు. పెద్ద హోదాలో ఉండి కూడా ఎంత శ్రద్ధగా వింటాడో అని జనం మెచ్చుకునేవాళ్లు. ఇదివరకు వినేటప్పుడు కళ్లు మూసుకునేవాడు. ఇప్పుడు తెరిచి ఉంచేవాడు. అవి చెప్పేవాణ్ణి దాటి వెనక ఎవరినో చూస్తుండేవి. ఆ చూపు నాకు కొత్త కాదు. నుదుటి చుక్క పెట్టి వేలు తీసిన చూపు అది.

అవ్వ పోయినప్పుడు ఆయన వచ్చాడు. పెద్ద పూలదండ, పాతికమంది జనం. మా ఆయన ముందు చెంప వాల్చి, "నేనుండాను కదా," అన్నాడు. నా ముందు వాల్చి అదే అన్నాడు. తరవాత అవ్వ మీదికి వంగి, ఆమె నోటి దగ్గర చెంప పెట్టి, ఏదో విన్నట్టు ఆగి, "నేనుండాను కదా," అన్నాడు. అదే గొంతు, అదే చిరునవ్వు. మూడుసార్లకూ వెంట్రుకవాసి తేడా లేదు. వెళ్లేటప్పుడు వసారా స్తంభం దగ్గర ఒక్క క్షణం నిలిచి, చెంప వాల్చి, దానికీ అదే చెప్పాడు. వెనకవాళ్లు ఎవరికో చెబుతున్నాడనుకున్నారు. అక్కడ ఎవరూ లేరు.

ఇంకొక ఏడు, తోటి వేషం రోజు. పక్క సందులో సున్నాలు వేసే కుర్రవాడొకడు బొగ్గు పూసుకుని మా వీధిలోకి వచ్చాడు. అదే సమయానికి ఆయన కారు దిగుతున్నాడు. వాడు ఎదురుగా నిలబడి, "ఏమప్పా చైర్మనూ! ట్యూబుల్లో గాలి కొడతా కొడతా నీలో కొట్టుకున్నావా ఏంది? ఎవురైనా సూది దెచ్చి..." అన్నాడు. వీధి నవ్వబోయింది. ఇలాంటి మాటలు ఆయనే మాకు నేర్పినవి. ఆయన చెయ్యెత్తి వాణ్ణి చెంప మీద కొట్టాడు.

వేషం మీద చెయ్యి పడటం మా వీధి అంతకు ముందు ఎన్నడూ చూడలేదు. డప్పు ఆగిపోయింది. ఎవరి ఇంట్లోనో కుక్కరు కూత వినిపించింది. కొట్టిన అరచేతికి బొగ్గు అంటుకుంది. ఆయన ఆ నల్లటి అరచేతిని మొహం ముందు పెట్టుకుని చాలాసేపు చూశాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను కాబట్టి విన్నాను. పక్కనున్నవాణ్ణి మెల్లగా అడిగాడు: "ఎవురి చెయ్యి ఇది?"

వాడు జేబురుమాలు తీసి తుడిచాడు. కారు తలుపు మూసుకుంది.

తరవాత కాలంలో పదవి పోయింది. పదవి పోయాక ఇల్లు బోసిపోతుంది, అది మామూలే. కిందటేడు జాతర వారంలో, దొర వేషం రోజు పొద్దునే ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. ఆటోలో, ఒంటరిగా. కూర్చోమంటే కూర్చోలేదు.

"అక్కా, పేరు పెట్టి పిలిస్తే పలకతా లేడు."

"సెవుడేమైనా..."

"సెవులు బాగుండాయంట. తలలో కూడా ఏం లేదంట. అన్ని పరీచ్చలూ అయినాయి. తెల్లారితే స్నానం చేసి, తెల్లబట్టలు కట్టి హాల్లో కూసుంటాడు. కుర్సీలన్నీ వరసగా ఏపిస్తాడు. ఒక్కో కుర్సీ దగ్గరికీ పోయి, ఇట్ల చెంప పెట్టి..." ఆమె తల వాల్చి చూపించింది. "నేనుండాను కదా, నేనుండాను కదా అంటాడక్కా. ఖాళీ కుర్సీలతో. మొన్న నన్ను పట్టుకుని, నువ్వెవురి తాలూకా అన్నాడు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"అవ్వ యాసం దించేది కదక్కా. నీకు తెలుసు కదా ఆ పద్ధతి. ఒక్కసారి అడుగు. డాక్టర్లు ఇంకేం సేసేది లేదంటా ఉండారు. మనిషి రోజురోజుకీ అయిపోతా ఉండాడు. పోతే పోనీ. ఆయన ఆయనగా పోతే సాలు నాకు."

అవ్వ చెంబు ఇంకా మా ఇంట్లోనే ఉంది. బావి నీళ్లతో నింపి, ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చున్నాను. దారిలో స్వామిని ఒకటే అడిగాను. నాకు ఇచ్చిన ఊపిరికి బదులుగా ఆయనకు ఆయన పేరు ఇప్పించమన్నాను.

హాలు నల్లరాయి నేలతో చల్లగా ఉంది. నలభై ప్లాస్టిక్ కుర్చీలు, అన్నీ ఖాళీ. ఆయన మూడో వరసలో ఉన్నాడు. ఒక కుర్చీ ముందు వంగి వింటున్నాడు. మనిషి సగమయ్యాడు, తెల్లచొక్కా కొయ్యకు తగిలించినట్టుంది. గంధం వాసన గుమ్మందాకా కొట్టింది.

"సెంటు మానేసి ఏడాదయిందక్కా," అంది ఆమె, నేను అడగకముందే.

నేను ఒక కుర్చీలో కూర్చున్నాను. వరసలో నా వంతు వచ్చేదాకా ఆగాను. చెంప నా ముందుకు వాలింది. కళ్లు నన్ను దాటి పోయాయి.

"సెప్పండమ్మా."

"పెరట్లోకి పోదాం, రా అన్నా."

ఎవరు రమ్మన్నా లేచి రావడం అలవాటైనవాడిలా వెంట వచ్చాడు. ఆ ఇంటికి బావి లేదు. వెనకవైపు కార్లు కడిగే సిమెంటు గచ్చు ఉంది. అక్కడ పీట వేసి కూర్చోబెట్టాం. నడినెత్తిన కొద్దిగా నీళ్లు పోశాను.

"ఎవురు నాయనా?"

"చైర్మన్," అన్నాడు, వెంటనే.

ఇంకొంచెం పోశాను. "ఎవురు నాయనా?"

కాసేపు ఆలోచించాడు. "మాజీ," అన్నాడు. ఆమె పక్కకు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

మళ్లీ పోశాను. "అన్న," అన్నాడు. మళ్లీ పోశాను. నీళ్లు మెడ మీదుగా జారి గచ్చు మీద పారుతున్నాయి. మామూలు బావి నీళ్లు. గచ్చు మీద మాత్రం లేత పసుపుగా, గంధం తీసిన రాయి కడిగినట్టుగా పారాయి. మేమిద్దరం చూశాం. ఆ మాట తరవాత ఎప్పుడూ అనుకోలేదు.

చెంబులో సగం కన్నా తక్కువ మిగిలాయి.

"ఎవురు నాయనా?"

చాలాసేపటికి పెదవులు కదిలాయి. "మునెమ్మ," అన్నాడు. "మునెమ్మ కొడుకుని అవ్వా."

ఆమె ఒక్క అడుగు ముందుకు వేసింది. పేరు ఆమె నాలుక చివర దాకా వచ్చేసింది, నాకు కనిపించింది. నేను చటుక్కున ఆమె నోటి మీద చెయ్యి పెట్టాను. నా నోట్లోనూ అదే పేరు ఉంది. రెండు అక్షరాలు అందిస్తే చాలు, అందుకుంటాడేమో. అందుకునేది ఆయనేనా? ఆయన నోరు తెరిచాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. కళ్లు గచ్చు మీద, గోడ మీద, కార్ల షెడ్డులో వెతికాయి. నేను ఆఖరి గుక్క దాకా పోస్తూనే ఉన్నాను.

ఇక ఒక్క గుక్క ఉందనగా, ఆయన చెయ్యి చాపి చెంబు లాక్కున్నాడు. పైకెత్తి, గొంతు తడిసేంత పోసుకుని, అడుగున మిగిలిన చుక్కలను పక్కనున్న క్రోటన్ మొక్క కుండీలో పోశాడు. తరవాత నావైపు తిరిగి, తల ఎడమకు వాల్చి, కళ్లు మూసుకున్నాడు. ఎన్ని ఏళ్లకు చూశానో ఆ మూసిన కళ్లను.

నాకు అప్పటికే ఆయాసం మొదలైంది. గొంతులో పిల్లికూతలు.

"పాపా," అన్నాడు. "గాలి సరిగ్గా పోతా లేదే నీకు. ఆస్పత్రికి పోదామా?" కళ్లు తెరిచి అటూ ఇటూ చూశాడు. "నా సైకిలు యాడుండాది? ఎవురు తీసుకపోయినారు నా సైకిలు?"

నేను "బెల్లు కొట్టన్నా, పీలుస్తా," అన్నాను. ఆయన కుడిచేతి బొటనవేలు గాలిలో కదిలింది. రెండుసార్లు, కాస్త ఆగి మళ్లీ రెండుసార్లు. నేను పీల్చాను, వదిలాను. అలా ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు. ముందు గదిలో ఎవరో వచ్చి, "సార్ ఉన్నారా?" అని పిలిచారు. బొటనవేలు ఆగింది. ఆయన లేచి, తడి చొక్కా సర్దుకుని, చిరునవ్వు పెట్టుకుని లోపలికి నడిచాడు. కుర్చీల మధ్య నుంచి ఆ మాట వినబడసాగింది.

ఆ ఏడు కార్తీకంలోనే పోయాడు. చివరిదాకా పేరుకు పలకలేదట. ఒక్కటి మాత్రం ఆమె చెప్పింది. ఆఖరి వారమంతా కుర్చీల దగ్గరికి పోలేదు. మంచం మీద పడుకుని బొటనవేలు కదిలిస్తూ ఉన్నాడట. ఎందుకో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. నాకు చెప్పినప్పుడు నేను ఆ బెల్లు లెక్కకే ఒకసారి పీల్చి వదిలాను.

ఈ వానలకు ఫ్లెక్సీలో బిరుదులు వెలిసిపోయాయి, పదవులు వెలిసిపోయాయి. పేరులో సగం మిగిలింది. మొహంలో ఒక చెంప మిగిలింది, స్తంభం వంగి ఉండటం వల్ల అది కొంచెం ఎడమకు వాలి కనిపిస్తుంది. నిన్న పాలకు వెళ్తూ అవ్వ చెంబు తీసుకెళ్లాను. వీధిలో ఎవరూ లేరు. స్తంభం మొదట్లో కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ అడిగాను.

"ఎవురు నాయనా?"

గాలి వీచింది. ఛాతీ ఉబ్బింది. ఆ గాటు దగ్గర చెంప పెట్టి, తల వాల్చి, కళ్లు మూసుకుని విన్నాను. గాలి ఎక్కడ పోతోందో తెలిసింది. ఇంకేమీ తెలియలేదు. అడుగున మిగిలిన గుక్క ఇంటికి తెచ్చి కరివేపాకు చెట్టుకు పోశాను.

రేపు కూడా అడుగుతాను. నాకు ఊపిరి ఉన్నన్నాళ్లు అడుగుతాను, ఆ ఊపిరి ఆయన ఇచ్చిందే కదా. బదులు వచ్చిన రోజు ఈ కాగితం మీద ఆయన పేరు రాస్తాను. అందుకోసం పైన కొంచెం చోటు వదిలాను.